ఆటల జమాఖర్చులు: కాగితానికెక్కని వెదుళ్లు

ఈ మధ్య నా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికా నుండి ఒక ప్రశ్న పంపాడు. అతని కుమార్తె అక్కడి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతున్నది. ఆమె చెల్లించిన రుసుముల పట్టీలో క్రీడల రుసుమని ఒక పద్దు ఉన్నది. ఆ పిల్ల ఏనాడూ బంతి ముట్టినది కాదు, మైదానం గడప తొక్కినదీ కాదు. ఆ విశ్వవిద్యాలయం చేరి ఉన్న కళాశాలల కూటమి మాత్రం సభ్యులకు కోట్ల డాలర్లు పంచిపెట్టిందని పత్రికలలో చదివాడట. "మాస్టారూ, అంత లాభం వస్తూంటే మా అమ్మాయి దగ్గర ఈ రుసుమెందుకు?" అని అతని సందేహం.

నేను లెక్కల మాస్టారిని కాను, తెలుగు పండితుణ్ణి. అయినా ముప్ఫయ్యేళ్ల పైచిలుకు బడిలో ఉన్నవాడికి క్రీడల రుసుము అన్న మాట పరాయిది కాదు. ఆ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్లు చదివాను. చదివిన కొద్దీ అది సముద్రం దాటి వచ్చి మన ఉప్పల్ మైదానం దగ్గరా, మన విజయనగరం సంస్థానం దగ్గరా తేలింది. మిత్రులతో పంచుకోవలసిన చరిత్ర అనిపించి ఈ టపా రాస్తున్నాను.

ముందు అమెరికా సంగతి. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు చలికాలంలో కుర్రాళ్లను ఇంటిలోపల ఆడించడానికి గోడకు బుట్టలు కొట్టించి కనిపెట్టిన ఆట అది. మొట్టమొదటి జాతీయ కళాశాలల పోటీ 1939లో జరిగింది. ఆరెగాన్ గెలిచింది. ఆ పోటీ నడిపిన శిక్షకుల సంఘానికి చివరకు 2,531 డాలర్ల నష్టం వచ్చింది. ఆ నష్టం తరువాతే పోటీ నిర్వహణ జాతీయ కళాశాలల క్రీడాసంఘం, అంటే ఎన్.సి.ఎ.ఎ. చేతికి పోయింది. ఈ చరిత్ర అంతటిలోనూ నేను మారుమాట లేకుండా నమ్మిన లెక్క ఆ 2,531 డాలర్లే. అంత చిన్న నష్టాన్ని కల్పించవలసిన అవసరం ఎవరికీ ఉండదు గదా!

అక్కడ కాన్ఫరెన్సు అంటే సభ కాదు. పదో పన్నెండో కళాశాలలు కలిసి తమలో తాము పోటీలు పెట్టుకునేందుకు కట్టుకున్న కూటమి. బిగ్ టెన్ అని ఒకటి, బిగ్ ఈస్ట్ అని ఒకటి, ఇలా ముప్ఫయికి పైగా ఉన్నాయి. కొన్ని దశాబ్దాలు వీటి ఆదాయం గేటు దగ్గర అమ్మిన టిక్కెట్లతో సరి. దాన్ని మార్చినది న్యాయస్థానం. టెలివిజన్‌లో ఏ ఫుట్‌బాల్ ఆట చూపాలో ఎన్.సి.ఎ.ఎ. ఒక్కటే నిర్ణయించడం చెల్లదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తులలో బైరన్ వైట్ ఒకరు. ఆయన స్వయంగా కళాశాల రోజులలో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. చదువును వ్యాపారం మింగేస్తుందని భయపడినవాడు ఆ ఆట ఆడి ఎదిగినవాడే కావడం గమనించదగ్గది.

ఆ తీర్పు తరువాత కూటములు తమ ఆటలను తామే అమ్ముకోవడం మొదలుపెట్టాయి. జాతీయ బాస్కెట్‌బాల్ పోటీ మాత్రం ఎన్.సి.ఎ.ఎ. దగ్గరే ఉండిపోయింది. 1991 నుండి ఏడేళ్ల ప్రసారానికి సి.బి.ఎస్. సంస్థ 100 కోట్ల డాలర్లు ఒప్పుకున్నది. 2010లో మరొక ఒప్పందం, 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లు. 2016లో దానినే పొడిగించి 2032 వరకు మరి ఎనిమిదేళ్లకు 880 కోట్ల డాలర్లు. 2,531 డాలర్ల నష్టంతో మొదలైన ఆట ఇది!

ఈ సొమ్ము పంచే పద్ధతి చిత్రంగా ఉంటుంది. జాతీయ పోటీలో ఒక జట్టు ఆడిన ప్రతి ఆటకూ, చివరి ఆట మినహా, ఒక వాటా లెక్కిస్తారు. ఆ వాటా ఒక్క ఏడాదితో తీరదు, ఆరేళ్లు నడుస్తుంది. ఆరేళ్లకూ కలిపి ఒక వాటా విలువ సుమారు 20 లక్షల డాలర్లు. డబ్బు గెలిచిన కళాశాలకు నేరుగా రాదు, దాని కూటమికి వస్తుంది. కూటమి తన నియమాల ప్రకారం అందరికీ పంచుతుంది. ఒక చిన్న కళాశాల జట్టు అదృష్టం కలిసివచ్చి మూడు ఆటలు గెలిచిందంటే, ఆ గెలిచిన కుర్రవాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయాక కూడా ఏళ్ల తరబడి పొరుగు కళాశాలకు సొమ్ము అందుతూనే ఉంటుంది. స్త్రీల పోటీకి ఇటువంటి వాటా 2025లో గాని రాలేదు.

సరే, ఇప్పుడు లాభమెంత? చిక్కంతా ఇక్కడే ఉన్నది.

బిగ్ టెన్ కూటమి 2023 ఆర్థిక సంవత్సరంలో సుమారు 88 కోట్ల డాలర్ల రాబడి చూపింది. అందులో బాస్కెట్‌బాల్ లాభమెంత అని అడిగితే ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ప్రసార హక్కులు అమ్మేటప్పుడు ఫుట్‌బాలూ బాస్కెట్‌బాలూ ఒకే మూటలో కట్టి అమ్ముతారు. మూటలో ఇది ఇంత, అది ఇంత అన్న విభజన రాసేవాడి కలం చివర ఉంటుంది. 2013లో విడిపోయి మళ్లీ ఏర్పడిన బిగ్ ఈస్ట్ వంటిది నయం. అక్కడ పెద్ద ఫుట్‌బాల్ పోటీ లేదు గనుక ఫాక్స్ సంస్థ 12 ఏళ్లకు ఇవ్వజూపిన 50 కోట్ల డాలర్లు చాలావరకు బాస్కెట్‌బాల్ విలువే అనుకోవచ్చు. అయితే అదీ రాబడే గాని లాభం కాదు. కూటమి తనకు వచ్చినదంతా ఇంచుమించు సభ్యులకు పంచేస్తుంది గనుక దాని ఖాతాలో మిగిలేది స్వల్పం. లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు కూడా ఉన్నది. అంటే కూటమి పుస్తకంలో లాభం కనబడదు. పోనీ సభ్య కళాశాల పుస్తకంలో చూద్దామంటే అక్కడ నష్టం కనబడుతుంది! ఎన్.సి.ఎ.ఎ. స్వయంగా చేసిన లెక్కలలోనే, ఖర్చుకు మించి సంపాదించిన క్రీడావిభాగాలు మొత్తం దేశంలో ఒక పాతికకు అటూ ఇటూ అని తేలింది.

కోట్ల డాలర్లు వస్తున్న చోట నష్టమెలా వస్తుంది? అక్కడి ఆర్థికవేత్తలు దీనిని చాలాకాలంగా ప్రశ్నిస్తున్నారు. ఆండ్రూ జింబలిస్ట్ అనే ఆచార్యుడు 1999లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. వారు చూపిన కిటుకులలో నాకు బాగా నచ్చినది ఉపకారవేతనాల సంగతి. ఆటగాడికి జీతం లేదు, చదువు ఉచితం. ఆ చదువు ధరను క్రీడావిభాగం ఖర్చు రాస్తుంది. ఆ డబ్బు పోయేది ఎక్కడికి? అదే విశ్వవిద్యాలయానికి. తరగతిలో మరొక బల్ల మీద మరొక కుర్రవాడు కూర్చుంటే అదనంగా అయ్యే ఖర్చు ఎంతో మన ఉపాధ్యాయులకు చెప్పనవసరం లేదు. కాని రాసేది మాత్రం పూర్తి రుసుము. మన ఇంటి కొట్లో సరుకు మన వంటింటికే పూర్తి ధరకు అమ్మి, వంటింటి ఖర్చు భరించలేకున్నామని వాపోవడం వంటిది ఇది.

మరొక వింత. కళాశాలలు తమ క్రీడల రాబడినీ ఖర్చునూ వెల్లడించాలని 1994లో అక్కడ చట్టం వచ్చింది. ఆ నివేదికలు తిరగేస్తే ఎన్నో కళాశాలలు బాస్కెట్‌బాల్‌కు రాబడి ఇన్ని డాలర్లు, ఖర్చు సరిగ్గా అన్నే డాలర్లు అని రాసి ఉంటాయి. ఒక్క డాలరు తేడా ఉండదు. విశ్వవిద్యాలయం తన జేబులోనుంచి ఎంత వేస్తే అంతా రాబడి కిందే చూపవచ్చునన్నమాట. విద్యార్థుల దగ్గర వసూలు చేసిన క్రీడల రుసుము కూడా ఆ రాబడిలోదే. కొన్ని విశ్వవిద్యాలయాలలో ఆ రుసుము ఏడాదికి వెయ్యి డాలర్లు దాటుతుంది. నా పూర్వ విద్యార్థి ప్రశ్నకు జవాబులో సగం ఇది: ఆ అమ్మాయి ఇచ్చిన సొమ్ము ఖర్చును పూడ్చడానికి పోలేదు, రాబడిగా జమ అయింది.

2006 అక్టోబరులో అమెరికా ప్రతినిధుల సభలో పన్నుల వ్యవహారాలు చూసే సంఘానికి అధ్యక్షుడైన బిల్ థామస్ ఎన్.సి.ఎ.ఎ.కు ఒక దీర్ఘమైన లేఖ రాశాడు. శిక్షకులకు లక్షల జీతాలు, వందల కోట్ల ప్రసార ఒప్పందాలు, వీటికీ విద్యాసేవకూ సంబంధమేమిటి, మీకు పన్ను మినహాయింపు ఎందుకివ్వాలి అన్నది దాని సారాంశం. ఎన్.సి.ఎ.ఎ. అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ సమాధానం పంపాడు. ఆయన పూర్వాశ్రమంలో తత్త్వశాస్త్ర ఆచార్యుడు కూడాను. కళాశాల క్రీడ విద్యలో భాగమని ఆయన వాదన. థామస్ మరి కొద్ది నెలలకే సభనుండి విరమించాడు, ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

దానిని తిరిగి లేపినవారు ఆటగాళ్లు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా వారి పక్షాన తీర్పు చెప్పింది. 2025 జూన్‌లో ఒక రాజీ ఆమోదం పొందింది. పాత ఆటగాళ్లకు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో చెల్లించాలి, ఇకమీదట ప్రతి కళాశాలా ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు తన ఆటగాళ్లకు పంచవచ్చును. నష్టాలలో ఉన్నామన్న క్రీడావిభాగాలలో చాలా వాటికి ఆ డబ్బు ఎక్కడో ఒకచోట దొరికింది. కొన్నిచోట్ల విద్యార్థుల రుసుము పెంచి దొరికించుకున్నారు.

ఇక్కడ ఒక పండితప్రకర్ష మన్నించండి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఆయం, వ్యయం, నీవి అని మూడు మాటలున్నాయి. వచ్చినది ఆయం, పోయినది వ్యయం, పద్దులన్నీ తీసివేయగా మిగిలినది నీవి. నీవి అంటే నడుము దగ్గర వేసుకునే పోకముడి అని కూడా అర్థం. నడుమున ముడి వేసుకున్నది కనబడదు గదా! రాజోద్యోగులు సొమ్ము హరించే ఉపాయాలు నలభై అని కూడా ఆ గ్రంథంలో లెక్క ఉన్నది. వాటిలో చాలా భాగం దొంగతనాలు కావు, రాతలు. వచ్చిన దానిని రాలేదనడం, ముందు రావలసినది తరువాత రాయడం, ఒకరి పేరున రావలసినది మరొకరి పేరున రాయడం. రెండు వేల ఏళ్ల కిందట కూడా లెక్క తప్పకుండానే లెక్క తప్పించవచ్చునని తెలుసన్నమాట.

మా కోటబొమ్మాళి పరిసరాల పల్లెలలో గ్రామదేవతల సంబరాలు అయిపోయాక జమాఖర్చులు చదివి వినిపించడం రివాజు. చాలా ఏళ్ల కిందట ఒక పల్లెలో అటువంటి చదువు నాకు అప్పగించారు. చందాలు ఇంత, బాజాలకు ఇంత, దీపాలకు ఇంత, చివరకు మిగులు ఇంత అని చదివాను. అందరూ తలలూపారు. వెనుక కూర్చున్న ఒక ముసలి రైతు లేచి, "సదివినదంతా బాగానే ఉంది గానీ బావూ, మా కల్లంలోంచి ఒట్టుకెల్లిన ఎదుళ్లూ తాటాకులూ ఆ కాయితంలో యెక్కడున్నాయి?" అన్నాడు. పందిరి అతని వెదుళ్లతో వేశారు. ఉచితంగా వచ్చినవి గనుక జమలోనూ లేవు, ఖర్చులోనూ లేవు. మిగులు అని చదివినదంతా ఆ వెదుళ్ల ధరే అని ఆ తరువాత మాకు బోధపడింది. అమెరికా కళాశాలల లెక్కలు చదువుతున్నంతసేపూ నాకు ఆ ముసలాయనే జ్ఞాపకం వచ్చాడు. అక్కడ జీతం లేకుండా ఆడిన కుర్రవాళ్లు కాగితానికెక్కని వెదుళ్లు.

ఇక మన ఇంటికి వద్దాం. కళాశాలల బాస్కెట్‌బాల్ మన దగ్గర డబ్బు పుట్టించే ఆట కాదు. మన దగ్గర ఆ స్థానం క్రికెట్టుది. విచిత్రమేమంటే కథ అచ్చు అదే దారిలో నడిచింది.

1928లో పుట్టిన భారత క్రికెట్ నియంత్రణ మండలి (వాడుకలో బోర్డు) తొలి దశాబ్దాలలో ఆట ఒక ఖర్చు, సంస్థానాధీశుల ముచ్చట. మన విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు, లోకం పిలిచిన పేరు విజ్జీ, 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఆంగ్ల దిగ్గజాలను సొంత ఖర్చుతో రప్పించి తన జట్టుతో దేశమంతా ఆడించాడు. 1936లో భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లాడు. ఆయన నాయకత్వం గురించి మంచిమాట చెప్పిన క్రికెట్ చరిత్రకారుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు, లాలా అమర్‌నాథ్‌ను నడుమనే ఇంటికి పంపిన ఘనత కూడా ఆ యాత్రదే. 1954 నుండి 1956 వరకు బోర్డు అధ్యక్షుడు కూడా ఆయనే. ఆయన ఆట ఎలాంటిదైనా లెక్క మాత్రం సరళం: సంస్థానం సొమ్ము ఖర్చయింది, కీర్తి నాయకత్వం రూపంలో తిరిగి వచ్చింది. ఆ సంస్థానం సొమ్ము మన జిల్లాల రైతుల శిస్తు అన్నది వేరే సంగతి. అక్కడా వెదుళ్లున్నాయి!

1983లో ప్రపంచ కప్పు గెలిచివచ్చిన జట్టుకు బహుమతి ఇవ్వడానికి బోర్డు దగ్గర సొమ్ము లేకపోతే లతా మంగేష్కర్ ఢిల్లీలో కచేరీ చేసి నిధి కూర్చారు. ఆటగాళ్లకు తలా లక్ష ఇవ్వగలిగారు. దూరదర్శన్‌లో ఆట చూపించడానికి బోర్డే ఎదురు డబ్బు చెల్లించవలసిన రోజులవి.

అమెరికాకు 1984 ఎటువంటిదో మనకు 1995 అటువంటిది. 1993 నవంబరులో జరిగిన హీరో కప్పు ప్రసారహక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు అమ్మింది. ప్రభుత్వం అడ్డుపడింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒకరు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు ప్రసిద్ధమైంది. దాని ఫలితంగా బాగుపడినది ప్రజలా, బోర్డా అన్నది మీరే ఆలోచించండి. ప్రభుత్వ గుత్తాధిపత్యం సడలగానే ప్రసారహక్కులు వేలంపాటకు వచ్చాయి. 2008లో ఐ.పి.ఎల్. పుట్టింది. ఆ పోటీ ప్రసారహక్కులు 2018 నుండి ఐదేళ్లకు 16,347 కోట్ల రూపాయలకు, 2023 నుండి ఐదేళ్లకు 48,390 కోట్లకు పోయాయి.

లెక్కలు ఎలా మాట మారుస్తాయో చూడాలంటే మన హైదరాబాదు జట్టును మించిన ఉదాహరణ ఉండదు. 2008 జనవరి వేలంలో డెక్కన్ క్రానికల్ పత్రికా సంస్థ హైదరాబాదు జట్టును 10 కోట్ల 70 లక్షల డాలర్లకు దక్కించుకున్నది. ఆనాటి మారకపు రేటున సుమారు 420 కోట్ల రూపాయలు, పదేళ్ల వాయిదాలలో. తొలి ఏడాది డెక్కన్ ఛార్జర్స్ అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడు, 2009 మేలో, గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. మన విశాఖ కుర్రవాడు వేణుగోపాలరావు కూడా ఆ జట్టులో ఉన్నాడు. ఆ రాత్రి మా వీధిలో టపాకాయలు కాల్చారు.

నాలుగేళ్లు తిరగకుండా అంతా తలకిందులైంది. మాతృసంస్థ అప్పులలో కూరుకుపోయింది, ఆటగాళ్లకు చెల్లింపులు నిలిచిపోయాయి. 2012 సెప్టెంబరు 13న జట్టును వేలం వేస్తే ఒకే ఒక్క పాట వచ్చింది, పి.వి.పి. వెంచర్స్ నుండి, 900 కోట్లు. చెల్లింపు షరతులు నచ్చక యజమానులు కాదన్నారు. మరునాడే బోర్డు ఒప్పందం రద్దు చేసింది. అక్టోబరు 25న హైదరాబాదు స్థానాన్ని సన్ టీవీ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల చొప్పున తీసుకున్నది, అంటే ఐదేళ్లకు 425 కోట్లు. రద్దు అక్రమమని పాత యజమానులు మధ్యవర్తి దగ్గరికి వెళితే 2020 జూలైలో ఆయన వారికి సుమారు 4,800 కోట్లు ఇవ్వాలన్నాడు. 2021 జూన్‌లో ముంబయి హైకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

ఒకే ఊరి జట్టు. 420, 900, 425, 4,800, ఆపైన కోర్టు గీసిన కొట్టివేత గీత. ఇవన్నీ ఒకే తరహా అంకెలు కావు, నిజమే. ఒకటి కొన్న ధర, ఒకటి కొంటామన్న ధర, ఒకటి ఏటేటా కట్టవలసినది, ఒకటి పోయిందన్న భావి లాభం. కాని ఆ భేదమే నేను చెప్పదలచుకున్నది. లాభమనే మాట ఎవరి ముందు పలుకుతున్నామన్న దానిని బట్టి అంకె పుడుతుంది. అప్పిచ్చేవాడి ముందు అది కొండంత. పన్ను వేసేవాడి ముందు ఆవగింజంత. జీతమడిగే ఆటగాడి ముందు శూన్యం. నష్టపరిహారమిచ్చే మధ్యవర్తి ముందు మళ్లీ కొండంత. డెక్కన్ క్రానికల్‌కు అప్పులిచ్చిన బ్యాంకులు చివరకు ఫిర్యాదు చేయగా 2015లో సి.బి.ఐ. సంస్థ అధిపతులను అరెస్టు చేసింది. 2017లో సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బ్యాంకులలో ఉన్న సొమ్ము ఎవరిదో, ఎవరి పొదుపుదో చెప్పనక్కరలేదు.

బోర్డు సంగతి మరీ సొగసైనది. 2022-23 వార్షిక నివేదిక ప్రకారం ఐ.పి.ఎల్. ద్వారా వచ్చిన రాబడి 11,769 కోట్లు, ఖర్చు 6,648 కోట్లు, మిగులు 5,120 కోట్లు. దానిని లాభమనరు, మిగులు అంటారు. లాభం వ్యాపారికి, మిగులు ధర్మకర్తకు! సర్వజనోపయోగకరమైన సేవ ధర్మకార్యం కిందికి వస్తుందన్న ఆదాయపన్ను చట్టం మాట మీద బోర్డు చాలాకాలం మినహాయింపు అనుభవించింది. 2008లో చట్టం సవరించి, వాణిజ్యం కలిసిన సేవ ధర్మం కాదన్నారు. అప్పటినుండి వ్యాజ్యాలే. 2021 నవంబరులో ముంబయిలోని ఆదాయపన్ను అప్పీలు ట్రిబ్యునల్ బోర్డు పక్షాన నిలిచింది. ఆటను ఆకర్షణీయంగా చేసి డబ్బు రాబట్టినంత మాత్రాన ఆటను వ్యాప్తి చేసే ఉద్దేశం పోదన్నది దాని తర్కం. మైల్స్ బ్రాండ్ 2006లో ఇచ్చిన సమాధానానికి ఇది సోదర వాక్యం. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మరికొన్ని రాష్ట్ర క్రికెట్ సంఘాల వ్యాజ్యాలలో అంత సులువుగా ఒప్పుకోలేదు, ప్రసారహక్కుల రాబడి వాణిజ్యమేమో మళ్లీ పరిశీలించండని అధికారులకు తిప్పి పంపింది. ఆ ధర్మాసనంలో ముగ్గురిలో ఒకరు జస్టిస్ పి.ఎస్. నరసింహ, ఆయనా తెలుగువారే.

ఆ 6,648 కోట్ల ఖర్చు పద్దును కూడా ఒకసారి తడిమి చూడాలి. జట్ల యజమానులకు పంచే వాటా ఆటకు ఖర్చు కాదు, పంపకం. దానిని పంపకంగా రాస్తే మిగులు ఇంకా పెద్దది, ఖర్చుగా రాస్తే చిన్నది. తప్పు అనను, రాతకు ఉన్న శక్తి అది.

మరి వెదుళ్ల మాట? చాలా రాష్ట్రాలలో క్రికెట్ మైదానాలకు ప్రభుత్వ భూమి నామమాత్రపు ధరకు ఇచ్చారు. పోలీసు బందోబస్తుకు కట్టవలసిన రుసుమును మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో తగ్గించగా అదేమిటని ముంబయి హైకోర్టు అడిగింది. మన హైదరాబాదులో 2024 ఏప్రిల్ 4న, మరునాడు సన్‌రైజర్స్ ఆట ఉండగా, ఉప్పల్ మైదానానికి విద్యుత్ పంపిణీ సంస్థ కరెంటు ఆపివేసింది. స్థానిక క్రికెట్ సంఘం ఏళ్ల తరబడి పేరుకున్న కోటిన్నర పైచిలుకు బకాయి చెల్లించలేదని ఫిర్యాదు. ఆ తరువాత పునరుద్ధరించారు, ఆట జరిగింది. ఐదు వేల కోట్ల మిగులు చూపే బోర్డుకు చేరిన సంఘానికి కరెంటు బిల్లు కట్టలేని స్థితి ఎలా వచ్చింది? అమెరికా కూటమి పుస్తకంలో డబ్బూ, కళాశాల పుస్తకంలో నష్టమూ ఉన్నట్టే ఇదీను. పై అంతస్తులో మిగులు, కింది అంతస్తులో బకాయి. ఇల్లు ఒక్కటే.

ఈ లెక్కలు అడిగే హక్కు ఎవరికున్నది? అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎన్.సి.ఎ.ఎ.కు పంపే వార్షిక లెక్కలను చాలా రాష్ట్రాలలో పౌరులెవరైనా అర్జీ పెట్టి తీసుకోవచ్చు. కూటములు పన్నుశాఖకు ఇచ్చే వార్షిక పత్రాలు బహిరంగమే, అందులో అధ్యక్షుల జీతాలు కూడా ఉంటాయి. నా పూర్వ విద్యార్థికి ఆ మాటే రాశాను: రాబడి మొత్తం చూడవద్దు, అందులో విద్యార్థుల రుసుమూ విశ్వవిద్యాలయం ఇచ్చినదీ తీసివేసి చూడు, ఉపకారవేతనాలను పక్కన పెట్టి మరొకసారి చూడు, ఆ రెండు అంకెల నడుమ ఉన్నదే మీ చర్చ అని.

మన దగ్గర 2018 అక్టోబరు 1న కేంద్ర సమాచార కమిషనరుగా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు, బోర్డు సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని ఆదేశమిచ్చారు. బోర్డు మద్రాసు హైకోర్టుకు వెళ్లి ఆ ఆదేశాన్ని నిలిపించుకున్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టం చేసింది. బిల్లు మొదటి రూపంలో గుర్తింపు పొందిన క్రీడాసంఘాలన్నీ సమాచార హక్కు పరిధిలో ఉన్నాయి. ఆమోదం పొందే నాటికి ఆ పరిధి ప్రభుత్వ గ్రాంటు గాని ఇతర ఆర్థిక సహాయం గాని పొందే సంఘాలకు పరిమితమైంది, అదీ ఆ సహాయం ఎలా ఖర్చయిందన్నంత మేరకే.

బోర్డు ప్రభుత్వం దగ్గర గ్రాంటు తీసుకోదు. నామమాత్రపు ధరకు వచ్చిన భూమీ, వదిలేసిన పన్నూ, తగ్గించిన బందోబస్తు రుసుమూ ఆర్థిక సహాయం అవుతాయా కావా అన్నది మాత్రం ఎవరైనా న్యాయస్థానంలో అడిగి తేల్చుకోవలసి ఉన్నది.